కారణాన్వేషణ

వైద్యుడు మందు ఇచ్చే ముందు నాడి చూస్తాడు. నాడి చూడకుండా ఇచ్చిన మందు ఫలిస్తే అది అదృష్టమే తప్ప వైద్యం అనిపించుకోదు. యంత్రాల విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. లోపం ఎక్కడ ఉన్నదో నిర్ణయించకుండా భాగాలను మార్చడం వల్ల ధనమూ కాలమూ వ్యర్థమవుతాయి. ఒక్కొక్కప్పుడు ప్రాణానికే ముప్పు కలుగుతుంది. పాత మోటారు సైకిలులో విద్యుత్తు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు కారణాన్ని వెదికే విధానం ఈ సత్యాన్ని చక్కగా బోధిస్తుంది.

రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ ఇంగ్లండులోని రెడిచ్ పట్టణంలో రూపుదిద్దుకొన్న వాహనం. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడిన తరువాత అది భారతదేశపు రోడ్లపై సుపరిచితమైంది. తండ్రి నడిపిన బుల్లెట్‌ను కుమారుడు భద్రంగా వాడుకొంటున్న కుటుంబాలు తెలుగునాట నేటికీ ఉన్నాయి. పాత బుల్లెట్లలో విద్యుత్ వ్యవస్థ 6 వోల్టులది. తరువాతివాటిలో 12 వోల్టులది.

ఈ వాహనంలో విద్యుత్తు నడిచే దారి సరళమైనది. బ్యాటరీ నుండి బయలుదేరిన ప్రవాహం మొదట ఫ్యూజును, తరువాత హెడ్‌లైటు పైభాగాన అమర్చిన అమ్మీటరును దాటి తాళం స్విచ్చికి చేరుతుంది. అక్కడ కాయిలు, దీపాలు, హారను అనే శాఖలుగా చీలుతుంది. చివరకు ఇనుప ఫ్రేము ద్వారా తిరిగి బ్యాటరీని చేరుకొంటుంది. ఈ తిరుగుదారినే మెకానిక్కులు ఎర్తు అంటారు. దీపం ఒక్కటే ఆరితే లోపం ఆ శాఖలో ఉంటుంది. దీపం, హారను, ఇంజను అన్నీ ఒక్కసారిగా ఆగిపోతే అన్నింటికీ ఉమ్మడిగా ఉన్న దారిలోనే లోపం ఉన్నదని గ్రహించాలి. అన్వేషణకు ఇదే తొలి మెట్టు.

ఒక ఉదాహరణ ఈ విషయాన్ని విశదం చేస్తుంది. ఒక యువకుడు తండ్రి వాడిన పాత బుల్లెట్‌పై రాత్రివేళ ఇంటికి వస్తున్నాడు. కాలువగట్టు మలుపులో హ్యాండిలు తిప్పగానే దీపం ఆరి, ఇంజను ఆగిపోయింది. ఎదురుగా వస్తున్న లారీ డ్రైవరు సమయానికి బ్రేకు వేయడం వల్ల ప్రాణాపాయం తప్పింది. కొద్దిసేపటికి దీపం దానంతట అదే వెలిగింది. మరునాడు ఒక షెడ్డులో బ్యాటరీ మార్చారు. వారం తిరగకముందే బండి మళ్లీ ఆగింది. మరొక షెడ్డులో తాళం స్విచ్చి మార్చారు. అయినా ఫలితం లేకపోయింది. బండిని అమ్మివేయమని తల్లి పట్టుబట్టింది. తండ్రి జ్ఞాపకాన్ని వదులుకోలేక ఆ యువకుడు చివరకు ఒక వృద్ధ మెకానిక్కును ఆశ్రయించాడు.

“ఇంకేం మార్చాలి బాబాయ్?” అని అడిగాడు.

“ఇప్పుడే ఏమీ మార్చవద్దు బాబూ. కరెంటు ఎంతవరకు వస్తున్నదో ముందు చూద్దాం” అన్నాడు ఆ పెద్దాయన.

రెండు వైర్లు అతికించిన చిన్న బల్బే ఆయన పరికరం. ఒక వైరును ఫ్రేముకు తగిలించి, రెండవదానిని బ్యాటరీ టెర్మినలుకు ఆనించాడు. బల్బు వెలిగింది. బ్యాటరీ, ఎర్తు రెండూ బాగున్నాయని తేలింది. అక్కడ వెలగకపోతే బల్బును నేరుగా బ్యాటరీ రెండు ధ్రువాలకు ఆనించి చూసేవాడు. అప్పుడు వెలిగితే దోషం ఎర్తుది, వెలగకపోతే బ్యాటరీది. తరువాత ఫ్యూజుకు రెండు వైపులా పరీక్షించాడు. బల్బు వెలిగింది. అమ్మీటరు దగ్గరా వెలిగింది. కాని ఆయన అంతటితో తృప్తి పడలేదు. బల్బును అక్కడే ఉంచి, హ్యాండిలును నెమ్మదిగా ఎడమకు తిప్పమన్నాడు. వెంటనే బల్బు ఆరిపోయింది.

లోపం ఫ్యూజుకు, అమ్మీటరుకు మధ్య ఉన్నదని స్పష్టమైంది. హ్యాండిలు మెడ దగ్గర ఏళ్ల తరబడి ఒరుసుకొని, పైతొడుగు లోపలే వైరు పోగులు తెగిపోయాయి. ఆయన బ్యాటరీ కనెక్షను విప్పి, కొత్త వైరు వేసి, హ్యాండిలు తిరగడానికి వీలుగా దానిని కొంత వదులుగా అమర్చాడు. రెండు షెడ్లలో తీరని లోపం మూరెడు వైరుతో తీరిపోయింది.

అయితే బల్బు వెలిగినంత మాత్రాన దారి పూర్తిగా బాగున్నట్లు కాదు. చిన్న బల్బుకు కొద్దిపాటి విద్యుత్తు చాలు. తుప్పు పట్టిన కూడలి ఆ కొద్దిపాటి ప్రవాహాన్ని పంపగలిగినా, హెడ్‌లైటుకు కావలసినంత పంపలేదు. 1827లో జర్మను శాస్త్రవేత్త జార్జ్ సైమన్ ఓం ప్రకటించిన సూత్రం ఇందుకు కారణాన్ని తెలుపుతుంది. 6 వోల్టుల వ్యవస్థలో 30 వాట్ల దీపానికి 5 ఆంపియర్ల విద్యుత్తు కావాలి. కూడలిలో 0.2 ఓముల నిరోధం ఉంటే సుమారు 1 వోల్టు, అంటే ఆరోవంతు, అక్కడే నష్టమవుతుంది. 12 వోల్టుల వ్యవస్థలో అదే దీపానికి 2.5 ఆంపియర్లు చాలు. నష్టం సుమారు అర వోల్టు, అంటే ఇరవై నాలుగోవంతు మాత్రమే. పాత 6 వోల్టుల బండ్లను తుప్పు ఎక్కువగా బాధించడానికి కారణం ఇదే. హెడ్‌లైటు వెలుగుతుండగా అనుమానం ఉన్న కూడలికి రెండు వైపులా మల్టీమీటరు ఆనిస్తే ఈ నష్టం అంకెలలో కనిపిస్తుంది. మంచి కూడలి దాదాపు సున్నా చూపుతుంది.

ఫ్యూజు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఫ్యూజు కాలిపోవడం రోగం కాదు, రోగలక్షణం. ఎక్కడో తొడుగు ఊడిన వైరు ఫ్రేమును తాకుతున్నదని అది హెచ్చరిస్తుంది. ఆ చోటును వెదకకుండా ఫ్యూజు స్థానంలో రాగి తీగను గాని, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితాన్ని గాని చుట్టడం ఆత్మహత్యాసదృశం. ఫ్యూజుకు బదులు పెట్రోలు ట్యాంకు కింద నడిచే వైర్లు కాలుతాయి. నిర్దేశించిన ఆంపియర్ల ఫ్యూజునే వాడాలి.

చేతిలో ఖరీదైన పరికరాలు లేకపోయినా వృద్ధ మెకానిక్కు విజయం సాధించాడు. తెలిసినచోట మొదలుపెట్టి, ఒక్కొక్క అడుగు నిర్ధారించుకొంటూ తెలియనిచోటికి చేరడమే ఆయన విద్య. శాస్త్రీయ దృక్పథం ప్రయోగశాలలకే పరిమితం కాదని, రోడ్డు పక్కన రేకుల షెడ్డులోనూ అది వెలుగుతుందని ఈ ఉదంతం చాటుతున్నది.

కఠిన పదాలకు అర్థాలు

కారణాన్వేషణ = కారణాన్ని వెదకడం
విశదం = స్పష్టం
నిరోధం = ప్రవాహాన్ని అడ్డగించే గుణం
ఆత్మహత్యాసదృశం = ఆత్మహత్యతో సమానం
ఉదంతం = వృత్తాంతం

ప్రశ్నలు

1. దీపం ఒక్కటే ఆరడానికి, అన్నీ ఒక్కసారిగా ఆగడానికి గల భేదాన్ని వివరించండి.
2. వృద్ధ మెకానిక్కు లోపాన్ని కనుగొన్న క్రమాన్ని తెల్పండి.
3. 6 వోల్టుల బండ్లను తుప్పు ఎక్కువగా బాధించడానికి కారణమేమి?
4. “ఫ్యూజు కాలిపోవడం రోగం కాదు, రోగలక్షణం” - సమర్థించండి.