ఇంటిలో చలనచిత్రము

ఒక డి.వి.డి.ని, ఒక బ్లూరే డిస్కును బల్లమీద ప్రక్కప్రక్కన ఉంచినచో, ఏది ఏదియో చూచినంతనే చెప్పుట కష్టము. రెండును 12 సెంటీమీటర్ల వెడల్పు గలవే. రెండును అద్దమువలె మెరయుచుండును. కాని మొదటిదానిలో ఒక పొరయందు 4.7 గిగాబైట్ల సమాచారము పట్టగా, రెండవదానిలో 25 గిగాబైట్లు పట్టును. ఈ భేదమునకు మూలము వానిని చదువు కాంతియందున్నది.

డిస్కుపై బొమ్మలు ఉండవు. కంటికి కానరాని సూక్ష్మమైన గుంటలు లోపలి అంచునుండి వెలుపలికి చుట్టలు చుట్టలుగా బారులు తీరి యుండును. లేసరు కిరణము ఆ బారు వెంబడి నడచుచు గుంటలను చదువును. తాటాకుపై వ్రాయువాని గంటపుమొన సన్ననైనకొలది ఆకుపై ఎక్కువ పంక్తులు ఇమిడినట్లే, కిరణపు తరంగదైర్ఘ్యము తగ్గినకొలది బారులను దగ్గరగా అమర్చవచ్చును. 1982లో వచ్చిన సి.డి.ని 780 నానోమీటర్ల కిరణము చదువును. 1996లో జపానున అమ్మకమునకు వచ్చిన డి.వి.డి.కి 650 నానోమీటర్ల ఎఱ్ఱని కిరణమును, 2006లో వచ్చిన బ్లూరేకు 405 నానోమీటర్ల కిరణమును వాడిరి. ఈ కడపటిది పేరునకు నీలమే గాని, కంటికి ఊదాగా తోచును.

తెలుగునాట ఎన్నో ఇండ్లలో డి.వి.డి.కంటె ముందు వీడియో సి.డి. ప్రవేశించినది. అది 74 నిమిషముల చిత్రమును మాత్రమే మోయగలదు. మన చిత్రములేమో రెండున్నర గంటలు! కథ మంచి పట్టులో ఉండగా ఎవరో ఒకరు లేచి డిస్కు మార్చవలసి వచ్చెడిది. డి.వి.డి. వచ్చి ఆ బాధను తొలగించెను.

బ్లూరేతోపాటు 2006లోనే తోషిబా సంస్థవారి హెచ్.డి. డి.వి.డి. కూడ అంగడికి వచ్చినది. రెండింటికి పొత్తు లేదు. ఒకదాని డిస్కు వేఱొకదాని యంత్రమున ఆడదు. 2008 ఫిబ్రవరిలో తోషిబావారు తమ పద్ధతిని విరమించుకొనిరి. అప్పటికే ఆ యంత్రమును కొన్నవారికి కొత్త చిత్రములు దొరకుట ఆగిపోయెను. క్రొత్తదానిని అందఱికంటె ముందుగా కొనుటలో ఇట్టి నష్టము కూడ కలదు.

ఇక బొమ్మ సంగతి. డి.వి.డి. బొమ్మకు హెచ్చుగా 576 గీతలు, బ్లూరే బొమ్మకు 1,080 గీతలు. ఈ సూక్ష్మత అంతయు కంటికి అందునా? మంచి చూపు గల కన్ను 3 మీటర్ల దూరమునుండి సుమారు 0.87 మిల్లీమీటరుకంటె దగ్గరగానున్న రెండు గీతలను వేఱుపఱచి చూడజాలదు. 32 అంగుళముల టెలివిజను తెర ఎత్తు సుమారు 40 సెంటీమీటర్లు. దానిని 576చే భాగించిన ఒక్కొక్క గీతకు 0.7 మిల్లీమీటరు వచ్చును. అనగా అంత దూరమున కూర్చున్నవారికి డి.వి.డి. గీతలే విడివిడిగా కనబడవు. బ్లూరే అదనముగా చూపునది స్వల్పము. అదే 65 అంగుళముల తెరయైనచో ఎత్తు 81 సెంటీమీటర్లు, గీతకు 1.4 మిల్లీమీటర్లు. అక్కడ పాత డిస్కు మోటుదనము బయటపడును. కావున అంగడికి పోవుటకు ముందు ఇంటిలో టేపు పట్టి కొలిచినచో సగము తీర్పు తెలిసిపోవును. 2016లో 2,160 గీతల డిస్కులును వచ్చినవి. వానికి ప్రత్యేకమైన యంత్రము కావలెను. ఆ గీతల ఫలము దక్కుటకు తెర ఇంకను పెద్దదైనను కావలెను, చూచువారు మఱింత దగ్గరగానైనను కూర్చుండవలెను.

చిత్రము దేనిపై తీయబడినదో కూడ విచారింపవలెను. 35 మిల్లీమీటర్ల ఫిలిముపై డి.వి.డి. చూపలేనంత వివరము దాగియుండును. మూలము చెడకున్నచో పాత చిత్రమునకు సయితము బ్లూరే వలన మేలు కలుగును. వీడియో టేపుపై తీసిన నాటకమునకు ఆ మేలు లేదు. లేని గీతలను ఏ డిస్కు పుట్టించును?

బ్లూరే యంత్రములు సాధారణముగా డి.వి.డి.లను కూడ ఆడించును, డి.వి.డి. యంత్రము బ్లూరేను చదువలేదు. అమెరికాలోని బంధువులు పంపు డిస్కుల విషయమున మఱియొక చిక్కు కలదు. ప్రపంచమును మండలములుగా విభజించి, ఒక మండలపు డిస్కు వేఱొక మండలపు యంత్రమున ఆడకుండ చేయు ఏర్పాటున్నది. డి.వి.డి.లలో అమెరికా 1వ మండలము, భారతదేశము 5వది. బ్లూరేలలో అమెరికాకు ఏ, మనకు సీ. ఆ కట్టుబాటు లేని డిస్కులును ఉన్నవి. అట్టపై చూచి తెలిసికొనవచ్చును.

నేడు పెక్కుమంది అంతర్జాలము ద్వారా చిత్రములు చూచుచున్నారు. అక్కడ ప్రదర్శనహక్కు గడువు తీరిన చిత్రము ఒకనాడు మాయమైపోవచ్చును. డి.వి.డి.గా వచ్చి బ్లూరేగా రాని చిత్రములును ఎన్నో కలవు. కొత్త యంత్రము కొన్న ఉత్సాహములో పాత డిస్కులను పాతసామానుల వానికి వేయువారు, ఆ పెట్టెలో మరల దొరకని చిత్రము ఏదైన ఉన్నదేమో ఒకసారి వెదకి చూచుకొనవలెను.