నరకమును గూర్చిన నమ్మకములు – శ్రావకుని విచారణ

నరకమున్నదా, లేదా యను ప్రశ్నకు ఒకే యింట మూడు జవాబులు వినవచ్చును. తాతగారు ఉన్నదనియు, అది ఈ భూమికి క్రిందనే యున్నదనియు నిస్సంశయముగా చెప్పుదురు. దుకాణపు బాధ్యత మోయుచున్న వారి కుమారుడు, ఉన్నదో లేదో గాని భయమున్నచో మంచిదే యనును. కాలేజీ చదువు ముగించి వచ్చిన మనుమడు, చచ్చినవాడెవడు తిరిగివచ్చి చెప్పినాడని అడుగును. ముగ్గురును పర్యూషణ దినములలో ఉపవాసముందురు. ముగ్గురును సంవత్సరి నాడు చేతులు జోడించి క్షమాపణ వేడుకొందురు. కాట్పాడి నుండి లత్తేరి మీదుగా గుడియాత్తము పోవు రైలుదారి పొడవున వర్తకము చేసికొను కుటుంబములకే గాదు, ఎక్కడి శ్రావకుల యిండ్లకైనను ఈ చిత్రము క్రొత్తది కాదు. ఈ మూడు అభిప్రాయములలో శాస్త్రము దేనిని ఒప్పుకొనును, దేనిని దిద్దును అనునది ఇచట విచారింపబడుచున్నది.

అభిప్రాయ భేదము ఈ ప్రాంతమునకు వింత గాదు. వేలూరు కోటలో ఒకే ప్రాకారము లోపల జలకంఠేశ్వరుని ఆలయము, మసీదు, చర్చి మూడును గలవు. మరణానంతరము జీవునకేమగు నను విషయమున మూడింటి బోధ మూడు విధములు. కాట్పాడికి ఉత్తరముగా నున్న వళ్లిమలై కొండ మరియొక దృష్టాంతము. భక్తులు దానిని వళ్లీదేవి పుట్టిన చోటని సుబ్రహ్మణ్యుని సేవింప వత్తురు. ఆ కొండ గుహలలోనే తీర్థంకరుల శిల్పములును, గంగరాజైన రాచమల్లుడు జైన వసతిని నెలకొల్పినట్లు తెలుపు కన్నడ శాసనమును గలవు. అవి తొమ్మిదవ శతాబ్దమునకు చేరినవి. తమిళ జైనుల గ్రంథమైన నీలకేశిలో కథానాయిక బౌద్ధులతోను, ఆజీవకులతోను, సాంఖ్యులతోను, వైదికులతోను వాదించి, చివరకు పరలోకమే లేదను భూతవాదితో వాదించును. అనగా మనుమడు అడిగిన ప్రశ్న మనుమడు కనిపెట్టినది కాదు. దానిని విని తాతగారు కోపపడ నక్కరలేదు.

ముందుగా శాస్త్రము చెప్పు నరకమెట్టిదో తెలిసికొనవలెను. రత్నప్రభ మొదలు శర్కరాప్రభ, వాలుకాప్రభ, పంకప్రభ, ధూమప్రభ, తమఃప్రభ, మహాతమఃప్రభ అను ఏడు భూములు ఒకదాని క్రింద నొకటిగా నున్నవి. వానిలోని నరకావాసములు మొత్తము 84 లక్షలు. మొదటి భూమిలో కనిష్ఠాయువు 10,000 ఏండ్లు. ఏడవ దానిలో గరిష్ఠాయువు 33 సాగరోపమములు. స్వర్గములు పండ్రెండా పదునారా యను చోట శ్వేతాంబరులకును దిగంబరులకును భేదమున్నది గాని, ఈ ఏడు భూముల విషయమున లేదు.

ఇంతవరకు పాఠశాలలో బాలురును అప్పగింతురు. కాని ముఖ్యమైన సంగతి ఈ లెక్కలలో లేదు. జైన శాస్త్రము చెప్పు నరకమునకు న్యాయాధిపతి లేడు. పాపములను వ్రాయు గుమాస్తా లేడు. జీవుడు తాను కట్టుకొన్న ఆయుఃకర్మమే వానిని అచటికి చేర్చును, అది తీరగానే అచటినుండి వెడలించును. సాగరోపమ మెంత దీర్ఘమైనను దానికి అంతమున్నది. శాశ్వత నరకమను మాట మన శాస్త్రమున లేదు. మొదటి మూడు భూములనుండి వెడలిన జీవుడు మరుజన్మమున తీర్థంకరుడు గూడ కావచ్చును. ఏడవదాని నుండి వెడలినవాడు మాత్రము పశుజన్మమే పొందును. నరకములో నున్నవానికి సైతము సమ్యక్త్వము కలుగ వచ్చును. గోడలకు వ్రేలాడదీసిన నరకపు బొమ్మలలో రంపములును నూనె కాగులును కనబడును గాని ఈ విషయము కనబడదు. చిన్న పిల్లలను ఆ బొమ్మలతో బెదరించుట కొందరికి అలవాటు. పిల్లవానికి బొమ్మ మీద నమ్మకము పోయిన నాడు ధర్మము మీద గూడ పోవు నని వారు ఆలోచింపరు.

ఇక వర్తకులు నిలిచి చదువవలసిన చోటు వేరొకటి యున్నది. ఉమాస్వాతి తత్త్వార్థ సూత్రము ఆరవ అధ్యాయమున నరకాయువు కట్టుబడుటకు కారణము చెప్పునపుడు హత్యను గాని దొంగతనమును గాని పేర్కొనలేదు. బహ్వారంభము, బహుపరిగ్రహము అను రెండింటినే చెప్పెను. ఆరంభమనగా జీవహింసతో కూడిన వ్యాపారము. పరిగ్రహమనగా ఇది నాది యను పట్టు. స్థానాంగ సూత్రము వీనికి పంచేంద్రియ జీవుల వధను, మాంసాహారమును చేర్చి నాలుగు కారణములు చెప్పును. తరతరములుగా మాంసము ముట్టని యింటివారు చివరి రెండింటిని చూచి ధైర్యము తెచ్చుకొని మొదటి రెండింటిని మరచుచున్నారు. నరకావాసముల లెక్క తప్పులేక చెప్పగలవారు తమ గిడ్డంగిలోని సరకునకు ఒక పరిమాణము పెట్టుకొన్నారా యని అడిగినచో మాట మార్చుదురు.

రౌద్రధ్యానము నాలుగు విధములు. హింస, అసత్యము, చౌర్యము అను మూడింటిని అందరును పాపములనియే యెంతురు. నాలుగవది తన విషయ సంపదను కాపాడుకొనుటయందే మనస్సు క్రూరముగా తగుల్కొని యుండుట. దీనిని లోకము జాగ్రత్త యని మెచ్చుకొనును. అర్ధరాత్రి లేచి ఇనుప పెట్టె తాళము లాగిచూచుట పాపము కాదు. ఆ తాళము చెంతకు రాగలరని తోచిన ప్రతివాని మీదను, తమ్ముని మీద గూడ, పగ పెంచుకొనుట రౌద్రము. శ్రావకుని మూడవ అణువ్రతమునకు చెప్పిన అతిచారములు చూడుడు. దొంగసొత్తు కొనుట, దొంగతూనికలు, కల్తీ సరకు. కుదువ దుకాణము వాడును, కిరాణా వాడును, నగల వాడును ఈ మూడింటిలో ఏదో యొక దానికి ప్రతిదినము ఎదురుపడుచునే యుండును.

అట్లయిన ధనవంతుడు నరకమునకు పోవలసినదేనా? కాదు. ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుడు పేదవాడు కాడు. నాలుగు కోట్లు నిలువలో, నాలుగు కోట్లు వ్యాపారములో, నాలుగు కోట్లు గృహోపకరణములలో గలవాడు. 40,000 గోవుల యజమాని. మహావీరస్వామి యెదుట ఆయన సంపదను పారవేయలేదు. ఇంతకు మించి కోరనని గీత గీచికొనెను. బహు అను మాటకు కొలత సొమ్ము మొత్తములో లేదు, గీత లేకపోవుటలో నున్నది.

ఇప్పుడు మనుమని ప్రశ్న. దీనికి జవాబు రాజప్రశ్నీయ సూత్రమున నున్నది. దిగంబరులు ఈ ఆగమమును అంగీకరింపకున్నను ఇందలి సంవాదము ఎవరైనను చదువదగినది. శ్వేతాంబికను పాలించు ప్రదేశి రాజు శరీరము వేరు జీవుడు వేరు కాదను పట్టుదల గలవాడు. ఆయన సారథి చిత్రుడు గుఱ్ఱములను పరీక్షింతమను నెపమున రాజును వెలుపలికి గొనిపోయి, పార్శ్వనాథ పరంపరకు చెందిన కేశికుమార శ్రమణుని యెదుటికి చేర్చెను. రాజు అడిగినది నేడు కాలేజీ కుఱ్ఱవాడు అడుగునదే. తన తాత పాపాత్ముడు, తనను ప్రాణముగా చూచుకొన్నవాడు. నరకమునకు పోయి యున్నచో వచ్చి తనను హెచ్చరింపడా? నీ రాణితో తప్పు చేసిన వానిని పట్టుకొన్నపుడు, బంధువులకు బుద్ధి చెప్పి వత్తునని వాడు వేడినచో విడుతువా యని కేశి అడిగెను. విడువ ననెను రాజు. మరి పుణ్యాత్మురాలైన అవ్వ స్వర్గమునుండి ఏల రాలేదు? స్నానము చేసి దేవపూజకు పోవువానిని పాయిఖానాలో నుండి ఎవడైన పిలిచినచో పోవునా యని కేశి తిరిగి అడిగెను.

రాజు పరీక్షలు గూడ చేసి చూచెను. దొంగను ఇనుప తొట్టిలో పెట్టి సందు లేకుండ మూసెను. వాడు చచ్చెను గాని జీవుడు వెడలిన రంధ్రము కనబడలేదు. మూసిన ఇంటిలో భేరి మ్రోగించిన ధ్వని వెలుపలికి వినబడుట లేదా యని కేశి జవాబు చెప్పెను. చావుకు ముందును తరువాతను తూచి చూచినను బరువులో భేదము లేదని రాజు అనగా, గాలి నింపిన తోలుతిత్తికిని ఖాళీ తిత్తికిని త్రాసులో భేదము కనబడునా యని అడిగెను. నేటి సైన్సు చదివినవాడు గాలికిని బరువున్నదని చెప్పును. నిజమే, ఆ ఉపమానము నేటికి చాలదు. దానిని దాచిపెట్టి వాదించుట కంటె ఒప్పుకొనుట మేలు. అట్లే రష్యాలోని కోలా ప్రాంతమున 1970 నుండి త్రవ్విన బోరు 1989 నాటికి 12,262 మీటర్ల లోతునకు పోయెను. అచట నరకపు ఏడ్పులు వినబడినవని కొన్ని మతముల వారు పుకారు పుట్టించిరి. అది కల్ల. ఎంత త్రవ్వినను నరకము కనబడలేదు గనుక లేదనుటయు తొందరపాటే, ఏలయన భూమి మధ్యమునకు 6,000 కిలోమీటర్లకు పైగా నున్నది. బోరు త్రవ్వి ధర్మమును రుజువు చేయగోరువాడును, కొట్టివేయగోరువాడును ఒకే త్రాసు పట్టుకొన్నారు.

ప్రదేశి వాదములో ఓడినను వెంటనే లొంగలేదు. తాతలనాటి నమ్మకము నెట్లు విడుతుననెను. అప్పుడు కేశి చెప్పిన కథ వర్తకులది. కొందరు ధనార్థులు బయలుదేరి పోవుచుండగా మొదట ఇనుప గని కనబడెను. అందరును మూటలు కట్టిరి. ముందునకు పోగా తక్కువ బరువునకు ఎక్కువ వెల పలుకు లోహములు వరుసగా దొరకెను. వెండి, బంగారము, తుదకు వజ్రములు. తక్కినవారు ఎప్పటికప్పుడు పాతమూట దించి క్రొత్తది కట్టిరి. ఒకడు మాత్రము ఇంత దూరము మోసినది, ఇంత గట్టిగా కట్టినది, ఎట్లు విప్పుదునని ఇనుమునే మోసికొని ఇల్లు చేరెను. ఈ కథ నాస్తికునకు చెప్పినదే గాని ఆస్తికునకును వర్తించును. తాతగారి నమ్మకమైనను, మనుమని అనుమానమైనను, మోసినందున మాత్రమే దానికి విలువ రాదు.

ఇదే రాజు కథను బౌద్ధులును దీఘనికాయములో పాయాసి పేరుతో చెప్పుకొందురు. అందలి ముగింపు వేరు. పాయాసి నమ్మిన తరువాత దానములు చేసెను గాని అలక్ష్యముగా, నాసిరకపు అన్నవస్త్రములు ఇచ్చెను. ఆ దానమును పంచిపెట్టిన ఉత్తరుడను యువకుడు ఆదరముతో పంచెను. చనిపోయిన పిమ్మట రాజునకు జనము లేని విమానము దక్కెను. ఉత్తరుడు అంతకంటె పై స్వర్గమునకు పోయెను. నమ్మకము కుదిరినంత మాత్రమున చేయి తెరచుకొనదని ఆ కథవలన తెలియుచున్నది.

నరకము ఉన్నదో లేదో గాని భయము మంచిదే యను నడివయసు వ్యాపారికి శ్రేణికుని కథ చెప్పవలెను. మగధరాజైన శ్రేణికునకు అచంచలమైన శ్రద్ధ గలదు. అయినను ముందే కట్టుకొన్న ఆయువు వలన మొదటి నరకమున 84,000 ఏండ్లు గడపి, పిమ్మట రాబోవు తీర్థంకరులలో మొదటివాడు కావలసి యున్నది. నరకము తప్పించుకొను ఉపాయము చెప్పుమని ఆయన మహావీరుని అడుగగా, దూది ఏకులు చేసి బ్రతుకు పూణియా శ్రావకుని ఒక్క సామాయిక ఫలమును కొనుమనిరట. రాజు ధనమంతయు దాని దలాలీకైనను చాలదని తేలినది. భయపడినవాడు బేరమాడును. శ్రేణికుని భయము నిజమే, బేరము మాత్రము కుదురలేదు.

ఆ నగరమందే కాలసౌకరికుడను కసాయి యుండెను. వాడు చనిపోగా కుమారుడైన సులసుడు ఆ వృత్తి చేపట్ట ననెను. పాపములో మేమును భాగము పంచుకొందుమని బంధువులు పట్టుపట్టిరి. సులసుడు గొడ్డలితో తన కాలిని కొట్టుకొని, ఈ నొప్పిని కొంచెము పంచుకొనుడని అడిగెను. భాగస్వామ్య వ్యాపారము చేయువారు లాభనష్టముల పత్రమున ఎవరి వంతు ఎంతయో వ్రాసికొందురు గాని, కల్తీకి ఎవరి వంతు ఎంతయని వ్రాసికొనరు. కుటుంబము కోసమే చేసితినను మాట మన దుకాణములలో తరచుగా వినబడుచుండును. సులసుని బంధువులును ఆ మాటనే అనియుందురు.

నమ్మకములు కలియని యింట పెద్దలు ఎట్లు మెలగవలెనో తెలియుటకు ఆనంద శ్రావకుని కడపటి దినములు చదువవలెను. పోషధశాలలో సల్లేఖన వ్రతమున నున్న ఆయనకు అవధిజ్ఞానము కలిగెను. పైన సౌధర్మ స్వర్గము వరకును, క్రింద రత్నప్రభలోని ఒక నరకావాసము వరకును తనకు కనబడుచున్నదని, భిక్షకు వచ్చి చూడవచ్చిన గౌతమస్వామితో చెప్పెను. గృహస్థునకు అంత దూరము కనబడదు, ఆ మాటకు ప్రాయశ్చిత్తము చేసికొమ్మని గౌతముడనెను. సత్యము చెప్పినవానికి ప్రాయశ్చిత్తము గలదా యని ఆనందుడు వినయముగా అడిగెను. లేదనగా, అట్లయిన తామే చేసికొనవలె ననెను. గౌతముడు శంకతో మహావీరస్వామి కడకు పోయి జరిగినది విన్నవించెను. శ్రావకుడు చెప్పినదే నిజమని స్వామి తెలిపిరి. సంఘములో గణధరులలో ప్రథముడైన గౌతముడు వెంటనే వెనుకకు మరలి, ఆ వర్తకుడు పండుకొనియున్న చోటికి పోయి క్షమాపణ కోరెను.