మందుకు ముందు నాడి
(కంప్యూటర్ ఆరోగ్యం: ప్రశ్నలు – జవాబులు)

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసింది. అప్పటినుంచి పాత ల్యాప్‌టాప్‌లలో లినక్స్ వేసుకున్నవాళ్ల ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. చాలావాటిలో బాధ ఒకటే: లినక్స్ చక్కగా ఎక్కింది, వైఫై రాలేదు. లేదా వైఫై వచ్చింది, వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదు. అందుకని ఈసారి ఆ ఉత్తరాలే తీసుకున్నాను.

ప్రశ్న: డాక్టర్ గారూ, నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు వేశాను. వైఫై గుర్తే లేదు. సెట్టింగ్స్‌లో అడాప్టర్ దొరకలేదని వస్తోంది. కార్డు కాలిపోయిందా? నాన్న అప్పు చేసి కొన్నారు. ఇంట్లో ఇంకా చెప్పలేదు.
– ఒక విద్యార్థిని, తణుకు

జవాబు: కాలిపోలేదు తల్లీ. ముందు ఈ మాట విని ఊపిరి పీల్చుకో. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తీసి ఇంకొకటి వేసినంత మాత్రాన వైఫై కార్డు కాలదు. కార్డు లోపలే ఉంది. దాన్ని నడిపే డ్రైవర్ ఇంకా రాలేదు, అంతే. టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ' అని కొట్టు. లోపలున్న పరికరాల చిట్టా వస్తుంది. నెట్‌వర్క్ కంట్రోలర్ అన్న వరసలో బ్రాడ్‌కామ్ పేరు కనబడితే జబ్బు దొరికినట్టే. ఆ కంపెనీ పాత కార్డులు కొన్నిటికి డ్రైవర్ విడిగా వేసుకోవాలి.

నెట్ లేకుండా డ్రైవర్ ఎలా దించుకోవాలి అంటావా? ఫోన్‌ను చార్జింగ్ వైరుతో ల్యాప్‌టాప్‌కు తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. కాసేపట్లో ల్యాప్‌టాప్‌కు నెట్ వస్తుంది. అప్పుడు 'అడిషనల్ డ్రైవర్స్' తెరిచి, అక్కడ చూపించే బ్రాడ్‌కామ్ డ్రైవర్‌ను ఎంచుకో. మధ్యలో కొత్త పాస్‌వర్డ్ పెట్టమని అడిగితే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందన్నమాట. ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకో. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. చాలామంది దాన్ని చూసి బెదిరి దాటేస్తారు. దాటేస్తే డ్రైవర్ ఎక్కదు. 'ఎన్‌రోల్ ఎంఓకే' ఎంచుకుని ఆ పాస్‌వర్డే కొట్టు.

ఇక నాన్నగారి సంగతి. వైఫై వచ్చేదాకా ఆగకుండా ఈ రాత్రే చెప్పు. పాడు చేశానేమోనన్న దిగులు ఒక్కదానివే మోస్తూ కూర్చుంటే చెయ్యి తొందరపడుతుంది. అసలు నష్టాలు జరిగేది ఆ తొందరలోనే.

ప్రశ్న: వైఫై ఆన్ చేస్తే వెంటనే ఆఫ్ అవుతోంది. వేరే లినక్స్ వెయ్యాలా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: అక్కర్లేదు. 'ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్' కొట్టండి. 'సాఫ్ట్ బ్లాక్డ్' ఎదురుగా యెస్ ఉంటే 'ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ వైఫై' చాలు. 'హార్డ్ బ్లాక్డ్' ఎదురుగా ఉంటే కీబోర్డు మీద విమానం బొమ్మ మీట గానీ, ల్యాప్‌టాప్ అంచున చిన్న స్విచ్ గానీ చూడండి.

ప్రశ్న: విండోస్, లినక్స్ రెండూ ఉన్నాయి. విండోస్ షట్‌డౌన్ చేసి లినక్స్‌లోకి వస్తే వైఫై ఉండదు. విండోస్ నుంచి రీస్టార్ట్ చేసి వస్తే ఉంటుంది.
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: రోగ లక్షణం ఇంత శ్రద్ధగా గమనించి రాసినందుకు అభినందనలు. సగం పని మీరే చేశారు. విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' ఆపెయ్యండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, కార్డును సగం నిద్రలో వదిలేస్తుంది.

ప్రశ్న: 8.8.8.8, 1.1.1.1, 9.9.9.9 – వీటిలో బలమైన డీఎన్ఎస్ ఏది? మా పడకగదిలో సిగ్నల్ ఒక్క గీతే వస్తోంది.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: డీఎన్ఎస్ అంటే వెబ్‌సైట్ పేరుకు నంబరు వెతికిపెట్టేది, బలానికి తాగే టానిక్ కాదు. దానికీ సిగ్నల్ గీతలకూ సంబంధం లేదు. రూటర్‌ను బీరువా పక్కనుంచి తీసి ఎత్తుగా, ఇంటి మధ్యలో పెట్టండి.

ప్రశ్న: వైఫై కనెక్ట్ అయింది గానీ వెబ్‌సైట్లు తెరుచుకోలేదు. ఇంటర్నెట్‌లో వెతికి పదకొండు కమాండ్లు కాపీ చేసి వేశాను, అన్నీ సుడోతోనే. ఇప్పుడు వైఫై గుర్తు కూడా పోయింది. జాబితా జత చేశాను. పన్నెండో కమాండ్ ఏదో చెప్పండి.
– ఒక వ్యాపారి, చీరాల

జవాబు: పన్నెండోది చెప్పను. మీ జాబితాలో పదకొండు మందులున్నాయి, ఒక్క పరీక్ష లేదు.

ప్రతి వరసా చదివాను. మూడోది 'చాటర్ ప్లస్ ఐ', డీఎన్ఎస్ వివరాలుండే రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలుకు తాళం వేస్తుంది. ఆ తాళం పడ్డాక సుడోతో కూడా ఆ ఫైలును మార్చలేరు. అందుకే నాలుగు, ఐదు, ఆరు పారలేదు. ఏడోది సిస్టమ్ ఫోల్డర్‌కు 777 అనుమతులిచ్చింది. అంటే ఆ కంప్యూటర్ వాడే ఎవరైనా ఆ ఫోల్డర్‌లో తిరగరాయొచ్చు. తొమ్మిదోది నెట్‌వర్క్ మేనేజర్‌నే తీసేసింది. గుర్తు మాయమైంది అందుకే. మీకు మొదట వచ్చింది ఒక్క జబ్బు. మిగతావన్నీ మందులు తెచ్చిపెట్టినవి.

సుడో అని కొట్టి పాస్‌వర్డ్ ఇవ్వడమంటే, ఈ యంత్రం మీద సర్వాధికారాలూ ఈ ఆజ్ఞకు అప్పగిస్తున్నానని సంతకం పెట్టడమే. మీరు పెట్టిన సంతకాలు పదకొండు. ఆ కమాండ్లను ఎవరు, ఏ ఏడాది, ఏ కార్డుకు, ఏ వెర్షన్‌కు రాశారో చూశారా? పక్కింటాయన చీటీ మందుల షాపులో చూపించి ఆయన గుండె మాత్రలు మీరు మింగుతారా? దుకాణంలో చదవకుండా ఒక్క కాగితం మీదైనా సంతకం పెడతారా? మరి ఇక్కడెందుకు పెట్టారు?

నా కోపానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక కాలేజీ ల్యాబ్‌లో అర్ధరాత్రి, పూర్తిగా చదవని ఒక కమాండ్ వేశాను. పిల్లల ప్రాజెక్టులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. పొద్దున వచ్చిన ఆ పిల్లల ముఖాలు ఇవాళ్టికీ మరిచిపోలేదు.

నాడి చూసే పద్ధతి చెబుతాను, రాసుకోండి. ఒకటి: అదే వైఫై మీద ఫోన్‌లో సైట్లు తెరుచుకుంటున్నాయా? లేకపోతే జబ్బు రూటర్‌దో, నెట్ కనెక్షన్‌దో, మీ లినక్స్‌ది కాదు. రెండు: 'ఐపీ ఏ' కొట్టి వైఫై వరసలో నంబరు వచ్చిందేమో చూడండి. ఇళ్లలో చాలావరకు అది 192.168తో మొదలవుతుంది. నంబరే లేకపోతే రూటర్ మీకు చిరునామా ఇవ్వలేదు. మూడు: 'ఐపీ రూట్'లో 'డిఫాల్ట్ వయా' తర్వాత ఉన్న నంబరుకు పింగ్ చెయ్యండి. అది రూటర్. పలికితే ఇంటి దాకా బాగున్నట్టు. నాలుగు: 8.8.8.8కు పింగ్. పలికితే బయటి లోకం దాకా దారి బాగుంది. ఐదు: ఏదైనా వెబ్‌సైట్‌కు పేరుతో పింగ్. నాలుగోది పలికి ఐదోది పలకకపోతే, అప్పుడు, అప్పుడు మాత్రమే, జబ్బు డీఎన్ఎస్. మందు కూడా చిన్నదే: వైఫై సెట్టింగ్స్‌లో ఐపీవీ4 పేజీలో డీఎన్ఎస్ 'ఆటోమేటిక్' ఆపి 1.1.1.1 రాసి, వైఫై ఒకసారి ఆపి మళ్లీ పెట్టాలి. టెర్మినల్ అవసరమే లేని పని ఇది.

ఇప్పుడు మీ యంత్రానికి ఒక్కో మందూ విరిచే కన్నా మళ్లీ మొదలుపెట్టడమే మేలు. ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్‌తోనే బూట్ చేసి 'ట్రై' ఎంచుకోండి. అక్కడ వైఫై వస్తే కార్డు నిక్షేపంగా ఉన్నట్టే. మీ లెక్కల ఫైళ్లు ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని లినక్స్ తిరిగి వేయండి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఒకసారికి ఒక్క మార్పు. చేసింది రాయండి. పనిచేయకపోతే వెనక్కి తిప్పి, తర్వాతే ఇంకోటి.

ప్రశ్న: నేను విశ్రాంత పోస్ట్‌మాస్టర్‌ని. ఉబుంటులో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలు తెరిస్తే 127.0.0.53 అని ఉంది. మా నెట్ వాళ్లిచ్చిన నంబరు అది కాదు. మనవడు వైరస్ అన్నాడు. ఫైలు తీసేశాను. ఇప్పుడు ఏ సైటూ రావడం లేదు. బ్యాంకు వివరాలు పోయినట్టేనా?
– ఒక పెద్దాయన, రాజమహేంద్రవరం

జవాబు: వైరస్ కాదండీ. ఆ నంబరు వల్ల మీ బ్యాంకు వివరాలకు ఏ ముప్పూ లేదు, నిశ్చింతగా పడుకోండి. 127తో మొదలయ్యే చిరునామా ఏదైనా మీ కంప్యూటర్ తనను తాను పిలుచుకునేదే. అక్కడ సిస్టమ్‌డీ-రిజాల్వ్డ్ అనే సేవ ఒక గుమస్తాలా కూర్చుని ఉంటుంది. మీరు వెబ్‌సైట్ పేరు రాస్తే, బయటి డీఎన్ఎస్‌ను అడిగి నంబరు తెచ్చిస్తుంది. ఊరి పేరే ఉన్న కవరు మీద పిన్ కోడ్ వేసి పంపడం లాంటిది.

మీ శాఖ పిన్ కోడ్ తెచ్చింది 1972 ఆగస్టు 15న. ఇంటర్నెట్‌కు అలాంటి ఏర్పాటు అవసరం తర్వాత వచ్చింది. మొదట్లో కంప్యూటర్ల పేర్లు, నంబర్లు అన్నీ ఒకే ఫైలులో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థ దాన్ని రాసేది, అందరూ నకలు తెచ్చుకునేవారు. కంప్యూటర్లు పెరిగేసరికి ఒక్క రిజిస్టరు చాలలేదు. 1983లో పాల్ మోకాపెట్రిస్ డీఎన్ఎస్‌ను రూపొందించారు. ఎవరి పరిధి రిజిస్టరు వారే రాసుకునే ఏర్పాటు అది. డివిజన్లు, సబ్ ఆఫీసుల పద్ధతి తెలిసిన మీకు ఇంతకన్నా వివరించక్కర్లేదు.

కానీ ఒక మాట అనక తప్పదు. మీ ఆఫీసులో తెలియని చిరునామాతో కవరు వస్తే చించేసేవారా? పక్కన పెట్టి, అడిగి, తేల్చేవారు. ఇన్నేళ్ల ఆ అలవాటు కంప్యూటర్ ముందు ఏమైపోయింది? తెలియని ఫైలును తీసేయకండి. పేరు మార్చి పక్కన పెట్టినా తిరిగి తెచ్చుకోవచ్చు.

మీ ఫైలు నిజానికి ఒక లంకె మాత్రమే. అసలుది రన్ ఫోల్డర్‌లో, సిస్టమ్‌డీ లోపల, రిజాల్వ్ లోపల 'స్టబ్-రిజాల్వ్ డాట్ కాన్ఫ్' పేరుతో క్షేమంగా ఉంది. దానికి 'ఎల్ఎన్ మైనస్ ఎస్' కమాండ్‌తో ఈటీసీ ఫోల్డర్‌లో మళ్లీ లంకె కలిపితే సరి. మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి చెయ్యండి. వైరస్ అన్నవాడికి అది ఏమిటో తెలియాలి కదా.

ప్రశ్న: ఇంట్లో నెట్ బాగుంది. హాస్టల్ వైఫైలో మాత్రం లాగిన్ పేజీ రాదు. పోయిన నెల ఎవరో చెబితే ల్యాప్‌టాప్ అంతటికీ డీఎన్ఎస్ నేనే రాసి పెట్టాను.
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: పోయిన నెల మింగిన మందే ఇది. హాస్టల్ లాగిన్ పేజీ చూపించాలంటే చాలాచోట్ల ముందు వాళ్ల డీఎన్ఎస్‌నే అడగాలి. మీరు రాసింది తీసేసి 'ఆటోమేటిక్' పెట్టండి.

ప్రశ్న: మా వారు లినక్స్ వేసి మూడు వారాలైంది. వైఫై పది నిమిషాలకోసారి తెగిపోతోందట. రాత్రి రెండింటి దాకా దాని ముందే ఉంటున్నారు. పిలిస్తే ఇంకొక్కటి చూసి వస్తానంటారు. అన్నం చల్లారిపోతోంది. ఆయన మీ జవాబులు చదువుతారు.
– ఒక గృహిణి, నిజామాబాద్

జవాబు: అయితే ఆయనకే చెబుతాను. సార్, వైఫై కార్డు కరెంటు ఆదా కోసం కునుకు తీస్తున్నట్టుంది. ఈటీసీలో నెట్‌వర్క్ మేనేజర్ ఫోల్డర్ లోపల, కాన్ఫ్ డాట్ డీలో పవర్‌సేవ్ పేరుతో ఉన్న ఫైలు చూడండి. 'వైఫై డాట్ పవర్‌సేవ్' ఎదురుగా 3 ఉంటే 2 చేసి రీస్టార్ట్ చెయ్యండి. దానితో తగ్గితే సంతోషం. తగ్గకపోతే ఈ కార్డుకు వైద్యం ఆపెయ్యండి. రూటర్ నుంచి ఒక లాన్ కేబుల్ లాగండి, లేదా లినక్స్‌లో నేరుగా పనిచేస్తుందని కనుక్కుని చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనండి.

మూడు వారాలు పట్టుపట్టిన మనిషికి ఇది ఓటమిలా అనిపిస్తుందని తెలుసు. ఎక్కడ ఆపాలో తెలియడం కూడా వైద్యంలో భాగమే. రాత్రి పది దాటాక టెర్మినల్ తెరవకండి. నిద్రమత్తులో నాడి దొరకదు. పదకొండు కమాండ్లు అలాంటి వేళల్లోనే పడతాయి.

అమ్మా, ఆ కేబుల్ మీరే తెప్పించి దగ్గర పెట్టుకోండి. ముందు భోజనం, తర్వాతే కేబుల్.