నూతన సంవత్సరమునకు ఒక పాదు

పఠన భాగము: లూకా 14:28–30

గోపురము కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు బోధించెను. డిసెంబరు 31 రాత్రి కూడికలో మనలో అనేకులు ఒక కొత్త అభ్యాసము పూనుకొందురు. సంక్రాంతి దాటునప్పటికి కొన్న హార్మోనియముపై గుడ్డ కప్పబడును. (అరువు తెచ్చినదైతే ఇంకను త్వరగా!) ఇరుగుపొరుగువారు నవ్వుదురు. ఆ నవ్వుకు వెరచి మరి కొన్నేండ్లు ఏ పనికిని చెయ్యి చాపనివారిని ఎరుగుదును.

భవానీపురము యెదుట కృష్ణానది ఉన్నది. దానిపై 1855లో పూర్తియైన ఆనకట్ట సర్ ఆర్థర్ కాటన్ దొర ఆలోచన. దానికి బదులుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చెను. ఆ దొర వృద్ధాప్యమున ఇంగ్లండులోని డార్కింగులో కాపురముండి, నేలను లోతుగా త్రవ్వి పైరు పెంచు ప్రయోగములు చేసెను. 96 ఏండ్లు బ్రదికి 1899లో మరణించెను. నదులకు కట్టలు వేయించినవానికి తోటపని చిన్నదిగా తోచలేదు.

మన లెక్క యిది: పెరటిలో రెండు గజముల నేల, రోజుకు రెండు బిందెల నీరు. మొదట తోటకూర చల్లుడి. నెల దినములలో కోతకు వచ్చును, మనస్సుకు ధైర్యము కలుగును. పిమ్మట బచ్చలి తీగె నాటుడి. అసలు శోధన రోహిణి కార్తెలో వచ్చును. కాలువలు కట్టివేసిన దినములలో, “ఈ నీళ్లు మొక్కలకా?” అని ఇంటిలోనే ఎవరో ఒకరు అడుగుదురు. బియ్యము, కూరలు కడిగిన నీళ్లు కుండలో పట్టి యుంచి, సాయంకాలము పోసి, పాదుపై ఎండుగడ్డి పరచుడి.

తోటకూర విత్తనములు కావలసినవారు ఆదివారము ఆరాధన పిమ్మట నన్ను అడుగవచ్చును.