రాతిపై బెజ్జముల వరుస

విద్యార్థులారా! హంపీకి పోయినపుడు ఆలయములనే కాక చుట్టునున్న గుండ్లను గూడ చూడుడు. పెక్కింటిపై దారము పట్టి గీచినట్లు బెజ్జములు వరుసగా కానవచ్చును. వాటిపై కూర్చుండి అలసట తీర్చుకొనువారే కాని, అవి యేమని అడుగువారు అరుదు. విజయనగర కాలపు రాతిపనివారు గుండ్లను చీల్చిన గుర్తులవి.

గ్రానైటు మిక్కిలి కఠినశిల. పనివారు మొదట రాతి వాలు కనిపెట్టి, ఆ వెంబడి కొన్ని అంగుళముల యెడముతో ఉలితో బెజ్జములు తొలిచెడివారు. వానిలో ఇనుప చీలలు బిగించి, ఈ చివరనుండి ఆ చివరకు ఒక్కొక్క దెబ్బ చొప్పున మరల మరల కొట్టెడివారు. తొందరపడి ఒక్కదానినే మోదినచో రాయి వంకరగా పగులును. దినముల శ్రమ వ్యర్థము. ఒత్తిడి సమముగా పడినచో గుండు రెండుగా విచ్చును. విడిన అంచున సగము బెజ్జములు పలువరుసవలె నేటికిని నిలిచియున్నవి.

1528లో ప్రతిష్ఠితమైన నరసింహమూర్తిని మాత్రము, చీల్చి తరలింపక, ఉన్నచోటనే ఒకే గుండునుండి మలచిరి.

కర్ణాటకమందలి వడ్డెరలలో ఈ పని తరతరములుగా కలదు. వారి యిండ్లలో తెలుగు వినబడును. మీ పెద్దలు రాయి కొట్టినవారైనచో చెప్పుటకు సిగ్గుపడకుడు. వాలు నెట్లు గుర్తింతురో, ఒక్కొక్క పనిముట్టునకు వారేమి పేరు పెట్టిరో అడిగి వ్రాసికొని రండు. నిఘంటువులకెక్కని మాటలు వారి నోట నుండవచ్చును.