ఒక్కచోటే పుట్టే మొక్క

గట్ల మీద గడ్డి చామంతి చూస్తున్నాం కదా. దెబ్బ తగిలితే ఆకు నలిపి పసరు పిండుతాం. అది అమెరికా ఖండం నుంచి వచ్చి దేశమంతా పాకింది. మన కొండల మీద వేసే వలిసెలూ చామంతి కుటుంబమే. వాటి పుట్టిల్లు ఇథియోపియా. ఇలాంటివి ఒకచోట పోయినా ఇంకోచోట దొరుకుతాయి.

కొన్ని మొక్కలు అలా కాదు. లోకం మొత్తంమీద ఒక్క ప్రాంతంలోనే వాటంతట అవి పుడతాయి. వీటిని ఎండెమిక్ జాతులు అంటారు. మన తూర్పు కనుమల్లో ఎర్రచందనం అలాంటిదే. అది మన వైపు అడవుల్లో పుట్టదు. దక్షిణాన కడప, చిత్తూరు, నెల్లూరు వైపు కొండల్లో ఉంది. చెట్టు నరకడం ఎంతసేపు? చేవ పట్టాలంటే మాత్రం ఏళ్ళూ పూళ్ళూ కావాలి. దొంగచాటు నరుకుడే దానికి ముప్పు.

ఏ జీవికి ఎంత ఆపదో ఐ.యు.సి.ఎన్. అనే సంస్థ ఎర్ర జాబితాలో రాస్తుంది. ఎర్రచందనాన్ని 2018లో ‘ఆపదకు చేరువ’ అన్నారు. 2021లో ‘ఆపదలో ఉంది’ అని మార్చారు.

మన కొండల్లో మందు వేర్లు తవ్వినప్పుడూ అన్నీ పీకెయ్యకండి, విత్తనానికి కొన్ని ఉంచండి. ఉన్న ఒక్కచోటా పోతే మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాం?