వంకాయ తప్పేం లేదు

ఏమే చెల్లీ, మెడ కింద ఆ దురద ఇంకా తగ్గలేదా? వంకాయ మానేశానన్నావు, గోంగూర ముట్టనన్నావు, రొయ్యల ఊసే ఎత్తనన్నావు. నేనూ రెండేళ్లు ఆ పథ్యాలే చేశాను. గుండెల మీద, సరిగ్గా పుస్తెలతాడు ఆనేచోట, రూపాయి బిళ్లంత మేర ఎర్రగా లేచేది. గోకితే రసి కారేది. మానేది, మళ్లీ మొదలు. "వేడి చేసిందమ్మా" అంది అత్తయ్య. పక్కింటి పిన్నిగారు వేపాకు నూరి పెట్టమంది. తాడుకు వేలాడుతున్న నాలుగు పిన్నీసుల వైపు మాత్రం ఎవరూ చూడలేదు. పెళ్లయినప్పటి నుంచీ ఉన్నవే కదా, వాటినెవరు అనుమానిస్తారు!

చర్మం డాక్టరమ్మ ప్యాచ్ టెస్ట్ అనగానే సూదులు గుచ్చుతారేమోనని జంకాను. సూదీ లేదు, రక్తమూ లేదు. వీపు మీద ప్లాస్టర్లు అంటించారు, అంతే. వాటిలో చొక్కా గుండీలంత అల్యూమినియం గిన్నెలు వరసగా ఉంటాయి. ఒక్కో గిన్నెలో ఒక్కో పదార్థం: నికెల్, సిమెంటులో ఉండే క్రోమియం లవణం, జుట్టు రంగులోని పీపీడీ, సెంటు వాసనలు, రబ్బరులో కలిపేవి, పుండ్ల మందుల్లో వచ్చే నియోమైసిన్. నికెల్ అయితే వాజిలైన్‌లో 5 శాతం కలుపుతారట. వయ్యారిభామ కలుపు మొక్క కూడా ఉంది ఆ వరసలో. పేరు చూస్తే ముద్దొస్తుంది గానీ, గట్ల మీద పనిచేసేవాళ్ల ముఖం, మెడ ఎలా మండిస్తుందో పొలం ఉన్న మీకు నేను చెప్పాలా?

అసలు తిప్పలు ఆ తర్వాతే. 48 గంటలు ప్లాస్టర్ కదలకూడదు, చెమట పట్టకూడదు. తీశాక కూడా, చివరిసారి చూసేదాకా వీపు తడపకూడదు. నేను వెళ్లింది కార్తీకమాసంలో. తలస్నానం లేకుండా సోమవారం గడిపిన కోడల్ని అత్తయ్య ఎలా చూసిందో అడక్కు! అయినా ఎండాకాలం కంటే అదే నయం, చెమటకు అంతా ఊడొచ్చేది.

ప్లాస్టర్ తీసిన రోజు నికెల్ పెట్టినచోట కాస్త ఎరుపు. నాలుగో రోజుకు అదే చోట ఉబ్బి, ఆవగింజల్లా నీటిపొక్కులు. ఇంకో పదార్థం పెట్టినచోట మొదట కనిపించిన ఎరుపు మాత్రం చల్లగా జారుకుంది. "అది ఒట్టి మంట, అలర్జీ కాదు" అంది డాక్టరమ్మ. ఈ రకం అలర్జీ మెల్లగా బయటపడుతుందట, అందుకే రెండుసార్లు చూస్తారు. 15 నిమిషాల్లో తేలే సూది పరీక్ష వేరు. రక్తం తీసి చూసినా ఇది దొరకదు.

ఇంకో మాట. మందుల షాపువాడిచ్చిన స్టెరాయిడ్ క్రీము వీపుకి రాసి వెళ్లావో, అసలు దొంగ దాక్కుంటాడు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పు, నీ అంతట నువ్వు ఆపేయకు. ఇక ఫలితం వచ్చాక కూడా బుర్ర వాడాలి: నికెల్ తేలింది గదా అని కాలి మీది దురదకీ దాన్నే తిట్టకు, అక్కడ చెప్పుల రబ్బరు ఉండొచ్చు. తలకు రంగేస్తే మాడు బాగానే ఉండి, కనురెప్పలు వాచేవాళ్లున్నారు. స్టిక్కర్ బొట్టు జిగురుకు నుదుట తెల్లమచ్చ పడ్డవాళ్లూ ఉన్నారు. నల్లగా పండుతుందని అమ్మే కోన్‌ల జోలికి మాత్రం వెళ్లకు. గోరింటాకు నల్లగా పండదే పిచ్చిదానా, అందులో జుట్టు రంగు కలుపుతారు.

పుస్తెలు బంగారమే, పాపం వాటి తప్పేం లేదు. పిన్నీసుల మీది నికెల్ పూత చేసిన పనట అదంతా. ఇప్పుడవి పర్సులో, పాత కుంకుమ డబ్బీలో ఉంటున్నాయి. మొన్న పెళ్లిలో ఎవరిదో కుచ్చిళ్లు ఊడితే, పిన్నీసు కోసం అందరూ అలవాటుగా నా మెడ వైపే చూశారు. నేను పర్సు తీశాను.